సరస్తీరమున శిబిరవాసము

మానవునకు పని యెంత అవసరమో విశ్రాంతియు అంత అవసరము. కాని విశ్రాంతి యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట మాత్రమే కాదు. ఏడాది పొడుగున కార్యాలయమున కూర్చుండి పనిచేయువానికి కొండ యెక్కుట విశ్రాంతి. బడిలో పుస్తకములతో కాలము గడపు బాలునకు నీటిలో ఈదుట విశ్రాంతి. శరీరమునకు శ్రమను, మనస్సునకు ఉల్లాసమును కలిగించు ఇట్టి సెలవులను ఐరోపా ఖండవాసులు మిక్కిలి మక్కువతో గడపుదురు. వేసవి రాగానే వేలకొలది కుటుంబములు గుడారములు మూటగట్టుకొని సరస్సుల యొడ్డునకు తరలిపోవును. అచ్చట పచ్చికబయళ్లపై నివసించి, ఈత, పడవ నడపుట, సైకిలు ప్రయాణము, కొండనడక మొదలగు వానితో ప్రొద్దుపుచ్చును.

ఈ వాడుక మిక్కిలి ప్రాచీనమైనది కాదు. సైనికులును, సంచారజీవులును, గొఱ్ఱెల కాపరులును గుడారములలో నివసించుట అనాదిగా కలదు. కాని అది వారికి అవసరమే గాని వినోదము కాదు. వినోదార్థమై గుడారవాసము చేయుటకు ఒక పద్ధతిని ఏర్పరచినవారిలో థామస్ హైరమ్ హోల్డింగ్ అను ఆంగ్లేయుడు ముఖ్యుడు. అతడు వృత్తిచే దర్జీ. సైకిలుపై మోసికొనిపోదగిన తేలికైన గుడారములను కల్పించి వానితో ఊళ్లు తిరిగినవాడు. 1901 లో అతని చొరవతో సైకిలు శిబిరవాసుల సంఘమొకటి ఇంగ్లండున వెలసినది. 1908 లో అతడు శిబిరవాసులకు కరదీపికవంటి గ్రంథమును ప్రకటించెను. తరువాత 1931 లో జర్మనీ దేశమందలి ఇస్నీ అను చిన్న పట్టణమున ఆరిస్ట్ డెత్‌లెఫ్స్ అను నతడు కారు వెనుక తగిలించుకొని పోదగిన చక్రముల యింటి నొకదానిని నిర్మించెను. పనిమీద దూరదేశములు తిరుగునపుడు ఇంటివారిని వెంట తీసికొనిపోవలయునను కోరికయే ఆ నిర్మాణమునకు మూలము. నేడు ఐరోపాలోని శిబిరస్థలములందు గుడారముల ప్రక్కన ఇట్టి బండ్లు వరుసలు తీరి కనబడును.

ఆ ఇస్నీ పట్టణమునకు అనతిదూరముననే కాన్‌స్టెన్స్ సరస్సు కలదు. జర్మనులు దీనిని బోడెన్‌సే అని పిలుతురు. ఆల్ప్స్ పర్వతములకు ఉత్తరమున, సముద్రమట్టమునకు సుమారు 395 మీటర్ల యెత్తున ఇది పరచుకొని యున్నది. దీని పొడవు సుమారు 63 కిలోమీటర్లు. వైశాల్యము సుమారు 536 చదరపు కిలోమీటర్లు. మిక్కిలి లోతైన చోట 251 మీటర్ల లోతు కలదు. పర్వతములలో పుట్టిన రైన్ నది తూర్పుకొనయందు ఈ సరస్సున ప్రవేశించి, పడమటికొనయందు వెలువడి, షాఫ్‌హౌజెన్ నగరము చెంత 23 మీటర్ల యెత్తునుండి జలపాతమై దూకును. జర్మనీ, స్విట్జర్లాండు, ఆస్ట్రియా దేశములు మూడును ఈ సరస్సునకు ఒడ్డులు. ఇందొక వింత కలదు. సరస్సున విశాలమైన తూర్పుభాగమున ఈ మూడు దేశముల సరిహద్దు ఎచ్చట నున్నదో నిర్ణయించు ఒప్పందము నేటివరకు లేదు. అయినను ఆ కారణమున కలహము లేదు. మూడు దేశములవారును కలిసి ఆ జలమును కాపాడుకొనుచున్నారు.

జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున నివసించు ఒక కుటుంబము ఈ సరస్తీరమున ఒక వారము గడపదలచినదనుకొనుడు. ఆ యింట తల్లి, తండ్రి, 13 ఏండ్ల బాలిక, 8 ఏండ్ల బాలుడు, మోకాలి నొప్పిగల తాతగారు కలరు. ఇట్టివారు బయలుదేరుటకు ముందు ఆలోచింపవలసినవి అనేకములు.

మొదటిది కాలము. మే నెలలో చెట్లు పూచి యుండును, జనసమ్మర్దము తక్కువ, కాని పర్వతములనుండి వచ్చు మంచునీటిచే సరస్సు చల్లగా నుండును. జూలై, ఆగస్టు మాసములలో పైనీరు 20 డిగ్రీలను మించి వెచ్చబడును. జూలైలో రాత్రి తొమ్మిది గంటలకును వెలుతురుండును. కాని ఆ ప్రాంతపు బడులకు సెలవులు జూలై చివరనుండి సెప్టెంబరు వరకు ఉండుటచే శిబిరస్థలములు కిటకిటలాడును. కావున స్థలమును కొన్ని నెలల ముందే కోరి నిలుపుకొనవలెను. అడవిలోనో ఒడ్డుననో కంటికింపైన చోట గుడారము వేసికొనుటకు అచ్చట అనుమతి లేదు. అందుకై ఏర్పరచిన స్థలములందే దిగవలెను. ఆ స్థలములందు స్నానపు గదులు, పాత్రలు కడుగు తొట్లు, త్రాగునీరు, దీపములు ఉండును. రాత్రి పది గంటలు దాటిన పిదప పెద్దగా మాటలాడరాదను నియమము సాధారణముగా నుండును. గుడారమునకు గోడలు గుడ్డలే గదా! ఇరుగుపొరుగువారి నిద్రను కాపాడుట శిబిరవాసపు మొదటి మర్యాద.

రెండవది దినచర్య. సరస్సు చుట్టును సుమారు 260 కిలోమీటర్ల సైకిలు బాట కలదు. అది చాలవరకు సమతలముగా నుండి, ద్రాక్షతోటలు, ఆపిలుతోటలు, పాతకాలపు పట్టణములగుండా సాగును. దానిని విన్న బాలిక ఉత్సాహముతో, “నాన్నా, ఏడు దినములున్నవి గదా! సరస్సునంతను చుట్టి వత్తము” అనెను.

తండ్రి కాగితమును పెన్సిలును ఆమె చేతికిచ్చి, “లెక్క కట్టి చెప్పుమమ్మా” అనెను.

260 ని ఏడింట భాగించగా దినమునకు 37 కిలోమీటర్లు వచ్చినది. పోకకు ఒక దినము, రాకకు ఒక దినము తీసివేయగా మిగిలినవి ఐదే. అప్పుడు దినమునకు 52 కిలోమీటర్లు. తమ్ముడు ఇంటియొద్ద ఎన్నడును 20 కిలోమీటర్లకు మించి తొక్కి యెరుగడు. తాతగారు 10 కిలోమీటర్లకే దిగి మోకాలు రాచుకొనుచుండును. దినదినము గుడారము విప్పి, కట్టి, మరల విప్పుటకు రెండు గంటలైనను పట్టును. బాలిక కొంతసేపు కాగితమువంక చూచి, “అట్లైన తమ్ముడు ఏడ్చును, తాతగారు ఏడ్వక బాధపడుదురు” అనెను. తాతగారు నవ్వి, “నేనును ఏడ్తునేమో, తల్లీ!” అనిరి.

బృందముగా ప్రయాణము చేయువారు మరువరాని సూత్రమిది: అందరిలో మెల్లగా నడచువాని వేగమే బృందపు వేగము. బలవంతుని చూచి ఏర్పరచిన ప్రణాళిక బలహీనునకు శిక్ష యగును. కావున వారు సరస్సును చుట్టు కోరికను మరియొక ఏటికి విడిచిరి. ఉత్తరతీరమున మేయెర్స్‌బుర్గ్ పట్టణమునకు చేరువలో ఒకే చోట గుడారము వేసి, అచ్చటినుండి దినమున కొక దిక్కునకు పోయి, సాయంకాలమునకు మరలి వచ్చుట మేలని నిశ్చయించిరి. ఈ సరస్సున అట్టి ఏర్పాటునకు చక్కని వసతి కలదు. తీరము వెంబడి రైళ్లును, ఊరూరికి ఆగు పడవలును సైకిళ్లను కూడ ఎక్కించుకొనును. పోవునప్పుడు తొక్కి, అలసినచో వచ్చునప్పుడు పడవలో కూర్చుండి రావచ్చును.

అంతట ఏడు దినములకు ఈ విధముగా ప్రణాళిక ఏర్పడినది. మొదటి దినము ప్రయాణము, గుడారము వేయుట, ఒడ్డును పరిచయము చేసికొనుట. రెండవ దినము సైకిళ్లపై ఉంటెరుల్‌డింగెన్ గ్రామమునకు పోవుట. అచ్చట నీటిలో గుంజలు పాతి, వానిపై కట్టిన ఇండ్ల ప్రదర్శనశాల 1922 నుండి కలదు. రాతియుగమునను కంచుయుగమునను ఈ తీరవాసులు ఇండ్లు కట్టుకొనిన తీరును అది కన్నులకు కట్టును. నీటి అడుగున బురదలో గాలి తగులక నిలిచియున్న నాటి గుంజలే అందుకు ఆధారములు. ఆల్ప్స్ చుట్టును ఆరు దేశములలో గల ఇట్టి ప్రాచీన నివాసస్థలములను 2011 లో యునెస్కో సంస్థ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. మూడవ దినము మేయెర్స్‌బుర్గునుండి కాన్‌స్టెన్స్ నగరమునకు పెద్దపడవలో దాటుట. 1928 నుండి నడచుచున్న ఈ పడవలు కార్లను, సైకిళ్లను, మనుష్యులను సుమారు పావుగంటలో ఆవలియొడ్డునకు చేర్చును. అచ్చటినుండి పూలతోటలకు పేరుపొందిన మైనౌ ద్వీపము సైకిలుకు దగ్గర. ఐదవ దినము నీటిపై ఆటలు. ఆరవ దినము రైలులో ఆస్ట్రియా దేశమందలి బ్రెగెంజ్ నగరమునకు పోయి 1064 మీటర్ల ఫెండర్ కొండ నెక్కుట. తాతగారు త్రాటిబండిలో పోవచ్చును, బలముగలవారు నడువవచ్చును, అందరును శిఖరమున కలిసికొని, క్రింద పరచిన అద్దమువంటి సరస్సును, ఆవల ఆల్ప్స్ శిఖరములను చూడవచ్చును. ఏడవ దినము తిరుగు ప్రయాణము.

నాలుగవ దినము మాటేమి? దానిని వారు బుద్ధిపూర్వకముగా ఖాళీగా నుంచిరి. అనుభవజ్ఞులు చేయు పని ఇది. పిల్లవాని కాలికి దెబ్బ తగులవచ్చును; రెండవనాడు వాన కురిసి ఆ దినపు పని మిగిలిపోవచ్చును; ఏదియు జరుగనిచో ఒడ్డున కూర్చుండి గులకరాళ్లు నీటిపై విసరుకొనవచ్చును. విడువని వాన కురిసినచో పోవుటకు ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ నగరము కలదు. 1900 జూలై 2 వ తేదీన త్సెప్పెలిన్ ప్రభువు నిర్మించిన మొదటి ఆకాశనౌక ఆ నగరము చెంత ఈ సరస్సుపై తేలు కొట్టమునుండియే పైకి లేచినది. దాని పొడవు 128 మీటర్లు. ఆ నౌకల చరిత్రను తెలుపు ప్రదర్శనశాల యొకటి అచ్చట కలదు.

మూడవది సామగ్రి. గుడారము, నేలపై పరచు చాపలు, పడుకొను సంచులు, వానకోటులు, టార్చిలైటులు, చిన్న గ్యాసుపొయ్యి, వంటపాత్రలు, మందులపెట్టె, సైకిలు పంపు, పంక్చరు అతుకులు, తలకు శిరస్త్రాణములు — ఇవి తప్పనిసరి. వేసవి యైనను సరస్తీరమున తెల్లవారుజామున చలి వేయును. కావున ఉన్నిబట్టలు మరువరాదు. గుడారమును బయలుదేరుటకు ముందే ఇంటి పెరటిలో ఒకమారు వేసి చూడవలెను. మేకులు చాలవనియు, త్రాడు తెగినదనియు చీకటిలో వానలో తెలియుట కంటె పెరటిలో పట్టపగలు తెలియుట మేలు గదా! గుడారమును పల్లమున వేయరాదు, వాననీరు చేరును. ఒంటిచెట్టు క్రింద వేయరాదు. పిడుగు భయము కలదు. పనులను పంచుకొనుటయు సామగ్రిలోని భాగమే. నీరు తెచ్చుట బాలుని పని, పటము చూచి దారి చెప్పుట బాలిక పని, వంట తండ్రిది, డబ్బు లెక్కలును మందులపెట్టెయు తల్లివి, ఉదయపు కాఫీయు, రాత్రి కథలును తాతగారివి.

నాలుగవది ఆరోగ్యము. దక్షిణజర్మనీలో పచ్చికలందును పొదలందును ఒకవిధమైన పిడుదులు మనుష్యులను పట్టి జబ్బులు కలిగించును. వానిలో మెదడునకు వాపు తెచ్చు జబ్బునకు టీకా కలదు. దానిని చాల ముందుగా వేయించుకొనవలెను. ప్రతిసాయంకాలమును పిల్లల మోకాళ్ల వెనుక, చంకలలో, చెవుల వెనుక పరిశీలించి, పిడుదు కనబడినచో వెంటనే తీసివేయవలెను. ఆపదలో పిలువవలసిన 112 అను సంఖ్య మూడు దేశములందును పనిచేయును. దానిని పిల్లలకును కంఠస్థము చేయింపవలెను. స్విట్జర్లాండు ఐరోపా సమాఖ్యలో చేరలేదు. అచ్చట చెల్లు నాణెము ఫ్రాంకు. ఈ యొడ్డున కూర్చున్నను ఆ యొడ్డు ఫోను కంపెనీ సంకేతము తగులుకొని అధిక రుసుము పడవచ్చును. ఇట్టి చిన్న సంగతులే తెలియనివారికి పెద్ద ఖర్చులగును.

ఐదవది సరస్సుపట్ల కర్తవ్యము. మొదటి సాయంకాలమున బాలుడు జిడ్డుపాత్రలను సరస్సు నీటిలో సబ్బుతో కడుగబోగా తాతగారు వారించి, “నాయనా, మన ఊరిలో పెక్కు ఇండ్ల కుళాయిలలో వచ్చు నీరు ఇదియే సుమా!” అనిరి. అది నిజము. 1954 లో ఏర్పడిన జలసరఫరా సంస్థ ఈ సరస్సున 60 మీటర్ల లోతునుండి నీరు తోడి, శుభ్రపరచి, స్టుట్‌గార్టు ప్రాంతముతో సహా సుమారు 40 లక్షల జనులకు అందించుచున్నది. ఒకప్పుడు ఈ నీరు చెడిపోవు స్థితికి వచ్చినది. ఊళ్ల మురుగునీటితోను, సబ్బుపొడులతోను, పొలముల ఎరువులతోను భాస్వరము సరస్సున చేరగా నాచు పెచ్చుపెరిగెను. 1980 ప్రాంతమున లీటరు నీటిలో భాస్వరము 80 మైక్రోగ్రాములను మించెను. 1959 లోనే తీరదేశములు ఏర్పరచుకొనిన సంయుక్తసంఘము సూచనలతో మురుగును శుభ్రపరచు కేంద్రములు నిర్మింపబడెను. పట్టుదలతో దశాబ్దములు పనిచేయగా ఆ ప్రమాణము నేడు 10 మైక్రోగ్రాముల లోపునకు దిగినది. చెరుపుట సులభము, బాగుచేయుట కష్టము అనుటకు ఇది నిదర్శనము. ఇప్పుడు మరియొక చిక్కు వచ్చినది. 2016 లో క్వాగా అను పరదేశపు ఆలుచిప్ప ఈ సరస్సున కనబడి శీఘ్రముగా వ్యాపించినది. అది పడవలకు అంటుకొని ఒక సరస్సునుండి మరియొకదానికి పోవును. అందుచే సొంత పడవలు తెచ్చుకొనువారు వానిని చక్కగా కడిగి, ఆరబెట్టిన పిదపనే వేరొక నీటిలో దింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది నీటిపై జాగ్రత్త. ప్రశాంతముగా కనబడు ఈ సరస్సున గాలులు ఉన్నట్లుండి లేచును. వేసవి మధ్యాహ్నములందు ఉరుములతోడి గాలివానలు వచ్చును. దక్షిణమున పర్వతములనుండి ఫ్యోన్ అను వెచ్చని గాలి విరుచుకొనిపడును. కావున మూడు దేశముల తీరములందును నారింజరంగు హెచ్చరిక దీపములు నిలుపబడినవి. అవి నిమిషమునకు 40 మారులు మెరసినచో బలమైన గాలి రావచ్చునని అర్థము. 90 మారులు మెరసినచో గంటకు 60 కిలోమీటర్లను మించు తుపానుగాలి రానున్నదని అర్థము. గడియారము చూచుచు 15 సెకండ్లు లెక్కించిన చాలును. పది మెరుపులైనచో మొదటిది; ఇరువదిరెండు, ఇరువదిమూడు అయినచో రెండవది. ఈ లెక్కను కుటుంబమున అందరును ఇంటియొద్దనే నేర్చుకొనిరి.

ఐదవనాడు ఆ విద్యకు పరీక్ష వచ్చినది. తాతగారు ఒడ్డున కూర్చుండగా తక్కిన నలుగురును లైఫ్‌జాకెట్లు ధరించి, రెండు గంటలకు అద్దె చెల్లించి, తెడ్లపడవలో బయలుదేరిరి. అరగంట గడచినది. నీరు అద్దమువలె నున్నది. ఆకాశమున నెత్తిమీద ఒక్క మబ్బైనను లేదు. అప్పుడు తీరమున దీపము మెరయ మొదలిడినది. బాలుడు వ్రేళ్లు ముడుచుచు లెక్కించి, “పది!” అని కేకవేసెను.

“నాన్నా, గాలి ఎక్కడ? ఎదుటి మలుపువరకు పోయి వత్తము. ఇంకను గంటన్నర అద్దె మిగిలియున్నది” అని బాలిక బ్రతిమాలెను. తండ్రి మనస్సును ఊగినది. డబ్బు ఇచ్చినది నిజము. గాలి లేనిదియు నిజము. తల్లి మాత్రము పడమటివైపు వ్రేలు చూపెను. కొండలమీద సన్నని నల్లగీత యొకటి కనబడుచుండెను. “అద్దెడబ్బు రేపు సంపాదించుకొందము. పడవ త్రిప్పుడు” అని ఆమె అనెను.

పడవ మరలినది. ఒడ్డు ఇంక నూరు గజములున్నదనగా నీటిపై ముడుతలు పడెను. వారు పడవను ఇసుకపైకి లాగి గుడారమును చేరునప్పటికి దీపము త్వరత్వరగా మెరయుచుండెను. బాలుడు లెక్కించబోయి మధ్యలోనే తప్పిపోయెను. మరికొంతసేపటికి తెల్లని నురుగుతో అలలు ఒడ్డును తన్నసాగెను. తాతగారు ఏమియు పలుకక గుడారపు త్రాళ్లను మరియొకమారు బిగించిరి. బాలిక వచ్చి రెండవవైపు త్రాడు పట్టుకొనెను. వారు ఉండదలచిన మలుపువద్ద అప్పుడు ఒక్క పడవయు లేదు.

ముందుచూపు స్వేచ్ఛకు శత్రువని కొందరు తలతురు. ఏ ఏర్పాటును లేక బయలుదేరుటయే నిజమైన విహారమని వారి వాదము. కాని స్థలము దొరకక రాత్రివేళ తిరుగువాడును, తడిసిన పడకపై వణకువాడును, పిడుదు కరచి జ్వరపడినవాడును స్వేచ్ఛను అనుభవింపలేడు. చేయవలసిన ఆలోచనను ఇంటియొద్దనే చేసికొని వచ్చినవానికి మాత్రమే ఒడ్డున కూర్చుండి ఏమియు ఆలోచింపకుండుటకు తీరిక కలుగును. మంచి ప్రణాళిక యనగా ప్రతి గంటకును ఒక పని నిర్ణయించుట కాదు. చిన్నవాని బలమును, పెద్దవాని నొప్పిని, గాలిని, వానను లెక్కలోనికి తీసికొని, కొంత చోటు ఖాళీగా విడిచి, అవసరమైనచో పడవను మరల్చుటకు సిద్ధపడి యుండుటయే మంచి ప్రణాళిక.

ప్రశ్నలు

1. గుడారవాసము వినోదముగా ఎట్లు పరిణమించినది?
2. సరస్సును సైకిళ్లపై చుట్టవలయునను కోరికను ఆ కుటుంబము ఏల విడిచినది?
3. నాలుగవ దినమును వారు ఖాళీగా నుంచుటకు కారణములేవి?
4. కాన్‌స్టెన్స్ సరస్సు నీరు ఎట్లు చెడినది? ఎట్లు బాగుపడినది?
5. హెచ్చరిక దీపముల అర్థమును తెలిపి, ఐదవనాడు జరిగిన సంగతిని మీ మాటలలో వ్రాయుడు.